మిల్లు పట్టణముల ప్రాతపటములు : అమీరుపేట, పంజాగుట్ట పేళ్ల పాఠనిర్ణయము

ప్రాతపటమును మరల అచ్చువేయుట ప్రాతగ్రంథమును మరల అచ్చువేయుట వంటిదే. రెండింటికిని ఒక మాతృక యుండును. ఆ మాతృకకు ఒక కాలము, ఒక లేఖకుడు, ఒక ప్రయోజనము ఉండును. నకలు తీయునపుడు కొంత జారిపోవును, కొంత వచ్చి చేరును. తాళపత్రప్రతుల విషయమున మన పండితులు ఈ సంగతులను శతాబ్దమునకు పైగా చర్చించుచున్నారు. పటముల విషయమున అట్టి చర్చ తెలుగుశాఖలలో అరుదు. పటమనగా భూగోళశాస్త్రజ్ఞుల సొత్తని తలంచి మనము ఊరకుంటిమి. కాని ప్రతి పటమునందును రేఖలతోపాటు పేళ్లు కలవు. రేఖను నిర్ణయించువాడు కొలతగాడు. పేరును నిర్ణయింపవలసినవాడు భాష నెఱిగినవాడు. మిల్లు పట్టణముల ప్రాతపటములను పునర్ముద్రించు పద్ధతి యెట్టిదో చూచి, దానిని హైదరాబాదునకు, అందును అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతములకు అన్వయించినచో తెలుగువారికి దక్కునదేమో, దక్కక పోవునదేమో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ఈ పని ఇంగ్లండులో మిక్కిలి విరివిగా జరిగినది. అచటి ప్రభుత్వ కొలతశాఖయగు ఆర్డ్నెన్సు సర్వే 1840వ దశకమున లాంకషైరు, యార్కుషైరు సీమలను మైలుకు ఆరంగుళముల మానమున కొలువ నారంభించినది. వానిలోని పట్టణములను వేఱుగా మైలుకు ఐదడుగుల మానమున గీసిరి. అనగా నేలపై 88 అడుగులు కాగితముపై ఒక అంగుళమగును. ఇంత పెద్దమానమున వీథిదీపపు స్తంభము, చేతిపంపు, పెరటి మెట్టు సయితము చోటు చేసికొనగలవు. ఓల్డుహాము వంటి నూలుమిల్లుల పట్టణములను అట్టి పటములందు చూచిన, మిల్లు ప్రక్కనే ఒక చిన్న కొలను కనబడును. ఆవిరియంత్రమునకు నీరు అందులోనుండియే వచ్చెడిది. ఆ కొలనును చుట్టి, దువ్వెన పండ్లవలె, పనివారి యిండ్ల వరుసలు. మిల్లులు మూతపడెను, 1998 నాటికి ఓల్డుహామున నూలు వడకుట నిలిచిపోయెను. కొలనులలో పెక్కు పూడిపోయినవి. ఆ తరువాత పుట్టినవారికి తమ యింటిక్రింద నీరుండెనని తెలుపునది ఆ పటమొక్కటియే.

ఇట్టి పటములను 1980వ దశకమునుండి అలన్ గాడ్‌ఫ్రే అను ప్రచురణకర్త తగ్గించిన మానమున, మైలుకు సుమారు పదునైదంగుళములుగా, వేలకొలది షీటులు పునర్ముద్రించెను. వానిలో మాకు నచ్చిన విశేషము ముందువైపున లేదు, వెనుకవైపున కలదు. షీటు వెనుక ఆ పేటయొక్క చరిత్రను ఒక స్థానికచరిత్రకారుడు క్లుప్తముగా వ్రాయును. దాని క్రింద ఆనాటి వీథి డైరెక్టరీనుండి, ఏ యింట ఎవరుండిరో, ఏ వృత్తి చేసిరో తెలుపు భాగములను ముద్రింతురు. అనగా మూలమునకు పీఠికయు, అనుబంధమును చేర్చిరన్నమాట. మన ప్రాచీనకావ్యముల పునర్ముద్రణములు పెక్కింటికి ఆపాటి భాగ్యము పట్టలేదు.

ఐనను పునర్ముద్రణమున పోవునవి గలవు. మొదటిది రంగు. ప్రాత పెద్దమానపు పటములందు ఇటుక, రాతికట్టడములకు ఎఱ్ఱనివన్నె, కొయ్య కట్టడములకు బూడిదవన్నె, నీటికి నీలము చేతితో పూసెడివారు. నలుపు తెలుపుల నకలులో నీరును, నేలయు ఒక్కటే తెల్లదనము. రెండవది కాలము. డేవిడ్ అండ్ చార్లెస్ వారు ఆర్డ్నెన్సు సర్వే తొలికూర్పు ఒకయంగుళపు పటములను 97 షీటులుగా 1970 ప్రాంతమున మరల అచ్చువేసిరి. దానికి భూగోళచరిత్రకారుడు జె. బి. హార్లే వివరణములు వ్రాసెను. తొలికూర్పనగానే తొలినాటి దేశము కనబడునని పాఠకు డాశించును. కాని వారు గ్రహించిన ప్రతులు పెక్కు మార్పులకు లోనైన వెనుకటి ముద్రణములు. కొండలు, పల్లెలు ఒక తరము నాటివి. వానిమీదుగా పోవు రైలుమార్గములు మఱియొక తరము నాటివి. కావ్యమున ప్రక్షిప్తపద్యములు చేరినట్లు పటమున రైలుదారులు చేరినవి. ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో హార్లే వివరణములు లేనిచో సామాన్యుడు పోల్చుకొనలేడు.

ఇక హైదరాబాదు సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరదలో పదునైదువేలమంది మరణించిరని అంచనా. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించుట, 1912లో నగరాభివృద్ధి సంస్థను నెలకొల్పుట, మూసీపైని ఉస్మాన్‌సాగరును 1920లోను, ఈసీపైని హిమాయత్‌సాగరును 1927లోను పూర్తిచేయుట అందఱు నెఱిగినవే. అదే కాలమున లెనర్డ్ మన్ అను ఇంజనీరు నగరమును, చాదర్‌ఘాటు మునిసిపాలిటీని అంగుళమునకు ఏబది అడుగుల మానమున కొలిపించి పటములు గీయించెను. ఈ మన్‌గారే పిదప నిజాము రాజ్యపు భూగర్భపరిశోధనకు పెద్దయై, దక్కనులోని ప్రాచీనపు గనులను గూర్చియు, రాక్షసిగుళ్లను గూర్చియు వ్రాసెను. రాతిని చూచు కన్నుగలవాడు. ఓల్డుహాము పటముల కంటెను ఇవి పెద్దమానమునవి. నగరమందలి కలాకృతి సేకరణ వంటివాని మూలమున ఇవి నేడు ఛాయాప్రతులుగా, ముద్రితప్రతులుగా విద్యార్థుల చేతికి వచ్చుచున్నవి. సంతోషింపదగిన విషయమే.

హైదరాబాదును మిల్లు పట్టణమనవచ్చునా యని యెవరైన అడుగవచ్చును. ఓల్డుహామువలె కేవలము మిల్లుల నమ్ముకొని పెరిగిన ఊరు కాకున్నను, 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడిన మూడేండ్లకే, 1877లో, ఇచట నూలుమిల్లు వెలసినది. 1920లో హుసేన్‌సాగరు కట్ట దిగువను దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, అనగా డి.బి.ఆర్. మిల్లు, ఏర్పడినది. వరంగల్లున 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చినది. సాగరమునకు పడమటివైపున, అమీరుపేటకు ఆవల, సనత్‌నగరమున 1942లో ఆల్విన్ కర్మాగారము పనికి దిగినది. వీనిలో ఏదియు నేడు నాటి రూపమున లేదు. ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అని నగరవాసులు నేటికిని పలుకుచున్నారు గాని, ఆ శబ్దమున కర్థమేమని యువకుల నడిగిన చెప్పువారు తక్కువ. కర్మాగారము పోయి పేరు మిగులుట మిల్లు పట్టణములకు సామాన్యలక్షణము.

అమీరుపేట, పంజాగుట్టలు మన్ సర్వే చేయించిన దినములలో నగరము కావు. చాదర్‌ఘాటు మునిసిపాలిటీయే 1933లో గాని నగరమున చేరలేదు. అమీరుపేట పేరు అమీర్-ఎ-కబీర్ బిరుదాంకితులగు పైగా ప్రభువులనుండి వచ్చినదని సంప్రదాయము. ప్రక్కనున్న బేగంపేటలో పైగా వారి దేవిడీ, స్పానిషు మసీదు నేటికిని చూడవచ్చును. పైగాలకు తమ సొంత రెవెన్యూ యంత్రాంగ ముండెడిది. 1949లో జాగీరులు రద్దగువఱకు ఆ యెస్టేటుల కాగితములు దివానీ కాగితములతో కలియలేదు. కావున మన ప్రాంతమును నగరపటమందు వెదకుటకంటె సర్వే ఆఫ్ ఇండియావారి ఒకయంగుళపు షీటున వెదకుట మేలు. అది 56 కె/7వ షీటు. హుసేన్‌సాగరు, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు మూడును ఆ యొక్క షీటులోనే ఇముడును. ఇందువలన పరిశోధకునకు ఒక సౌకర్యము గలదు: ఏ నకలు చేతికి వచ్చినను, అందు ఉస్మాన్‌సాగరుండి హిమాయత్‌సాగరు లేకున్నచో ఆ పాఠము 1920, 1927 నడిమిది. రెండును లేకున్న అంతకు పూర్వము. పటము అంచున ముద్రించిన సంవత్సరమును నమ్ముటకంటె నీటిని నమ్ముట క్షేమము.

మానభేదము ఎంతటి వ్యత్యాసమును కలిగించునో ఒక లెక్కతో చూపుదుము. అమీరుపేటనుండి పంజాగుట్టకు ఒక కిలోమీటరు దూర మనుకొందము. ఏబది అడుగుల మానమున ఆ దూరము కాగితముపై సుమారు ఐదున్నర అడుగులు, మనిషి పొడవు. ఓల్డుహాము ఐదడుగుల మానమున మూడడుగుల పైచిలుకు. గాడ్‌ఫ్రే నకలు మానమున తొమ్మిదంగుళములు. ఒకయంగుళపు షీటున ముప్పాతిక అంగుళము కూడ నిండదు. ఆ ముప్పాతిక యంగుళములో ఒక పేట, ఒక గుట్ట, ఒక బాట, రెండు పేళ్లు ఇమిడ్చవలెను. సమోన్నతరేఖలు ఏబది అడుగుల కొకటిగా గీయుదురు గనుక, నలువది అడుగుల గుట్ట రెండు రేఖల నడుమ జారిపోవచ్చును. అట్టి చోట గుట్ట యుండెననుటకు సాక్షి పేరొక్కటే. పంజాగుట్టలో గుట్ట నేడు పేరులో వినబడినంత స్పష్టముగా నేలపై కనబడదు. కావున పేరును సరిగా చదువుట యిచట వినోదము కాదు, చరిత్ర.

ఆంగ్లపటములందు పంజాగుట్ట యను పేరును వ్రాయు విధము చూడుడు. అందు 'యు' అను అక్షరము రెండుమార్లు వచ్చును. మొదటిమారు అది 'ప'లోని హ్రస్వ అకారమునకు గుర్తు. రెండవమారు 'గు'లోని ఉకారమునకు గుర్తు. ఒక్క పేరులో ఒక్క అక్షరమునకు రెండు విలువలు! మొదటిది తొలినాటి ఆంగ్లేయుల వాడుక. పంజాబు పేరును నేటికిని వారట్లే వ్రాయుదురు. రెండవది పందొమ్మిదవ శతాబ్దపు కడపటి భాగమున ప్రభుత్వము స్వీకరించిన హంటర్ పద్ధతి. ఆ పద్ధతి ప్రకారము అకారమునకు 'ఏ' అను అక్షరమునే వాడవలెను. ఐనను జనులకు అలవాటుపడిన పేళ్లను ప్రాతరీతినే ఉంచిరి. ఫలితముగా పంజాగుట్టలో పూర్వార్ధము ఒక శకమునకు, ఉత్తరార్ధము మఱియొక శకమునకు చెంది నిలిచినది. ఈ మర్మ మెఱుగనివాడు దానిని 'పుంజగుట్ట' యని చదివి, కోడిపుంజునకు ముడిపెట్టి, ఒక కథ కల్పింపగలడు. మొదటి అక్షరపు విలువనే రెండవదానికి నిచ్చువాడు 'గట్ట' యని చదివి గట్టునకు ముడిపెట్టగలడు. ఇట్టి వ్యుత్పత్తులు ఒకసారి అచ్చైనచో వానిని చెఱపుట కష్టము.

ఉర్దూ కాగితములను చూచినచో వేఱొక చిక్కు. ఉర్దూలిపిలో హ్రస్వాచ్చులను సామాన్యముగా వ్రాయరు. ప, పి, పు మూడింటికిని అక్షరమొక్కటే. కావున మొదటి చిక్కును ఉర్దూ తీర్పజాలదు. కాని ఆంగ్లలిపి కలిపివేసిన వేఱొక భేదమును ఉర్దూ కాపాడును. త, ట లకును, ద, డ లకును ఉర్దూలో వేఱువేఱు అక్షరములు కలవు. ఆంగ్లలిపిలో ఒకటే. పశ్చిమాన బోరబండ యను పేరు గలదు. ఆంగ్లాక్షరములతో చూచినవాడు దాని కడపటి భాగమును 'బండ' యని చదువవచ్చును, 'బంద' యని చదువవచ్చును. బండ యన్నచో రాయి. బంద్ అన్నచో నీటిని ఆపు కట్ట, ట్యాంకుబండు పేరులోని 'బండు' కూడ మూలమున అదియే. ఒకదానియందు నీరు నిలువదు, రెండవదానియందు నీరే నిలుచును. ఎఱ్ఱగడ్డ విషయము నట్టిదే: ఆంగ్లలిపిని నమ్మిన గడ్డ గద్దయై యెగిరిపోవును. మూర్ధన్యాక్షరమును చూపు ఉర్దూ కాగితము ఆ చిక్కును ఒక్కచూపులో విప్పును. ఱ, ళ, ణ ల భేదమును మాత్రము రెండు లిపులును చూపలేవు. ఆ పని తెలుగు నోరే చేయవలెను.

ఈ విధముగా ఆంగ్లపటము ఒక ప్రతి, ఉర్దూ కాగితము మఱియొక ప్రతి. ఒకటి అచ్చులను తప్పుగానైనను చూపును, రెండవది హల్లులను ఒప్పుగా చూపును. శిథిలమైన రెండు తాళపత్రప్రతులను కలిపి ఒక పద్యమును పూరించు పరిష్కర్త చేయు పనియే యిచటను చేయవలసియున్నది. మూడవ సాక్షి జనుల ఉచ్చారణము. ఆ ప్రాంతపు పెద్దలు 'పంజగుట్ట' యని నడిమి అచ్చును హ్రస్వముగా పలుకుదురు. దర్వాజా దర్వాజయైనట్లు, ఖజానా ఖజానయైనట్లు, పరభాషాశబ్దముల కడపటి దీర్ఘము తెలుగునోట కుఱుచయగుట నియతమే. పంజా యనగా ఐదువేళ్ల హస్తము. పీర్ల పండుగలో ఊరేగించు లోహపు హస్తమును తెలంగాణపు పల్లెలలో ఆ పేరుతోనే పిలుతురు. కావున లేఖనమున 'పంజాగుట్ట', వ్యవహారమున 'పంజగుట్ట' అని రెండు రూపములను సాధువులుగా అంగీకరించి, 'పుంజ' పాఠమును లిపిజన్యదోషముగా పరిహరింపవలెనని మా యభిప్రాయము.

అమీరుపేట కథ మఱియొక రీతిది. పేట యను మాట మనది. అది ఉర్దూలోనికి పోయి కడపటి అచ్చును కోల్పోయినది. అచటినుండి ఆంగ్లమునకు పోయినది. ఆంగ్లమునుండి మరల తెలుగు దుకాణముల పలకలమీదికి 'అమీర్‌పేట్' అని పొల్లుతో తిరిగి వచ్చుచున్నది. పుట్టింటికి వచ్చిన ఆడుపడుచును ఎవరమ్మా నీవని అడిగినట్లున్నది మన స్థితి. ఇంకొక చిక్కు: మూసీతీరమున నగరమునకు తూర్పున అంబరుపేట గలదు. చిన్నమానపు నకలులలో, మసకబారిన ఆంగ్లాక్షరములలో, అంబరుపేటకును అమీరుపేటకును భేదము ఒకటిరెండు గీతలమాత్రము. పేరును మాత్రమే సూచికనుండి తీసికొని, షీటున స్థలమును చూడనివాడు పడమటిపేటను తూర్పున పెట్టగలడు.

ఇందులో భాషాభిమానముకంటె మించిన సంగతియు కలదు. హుసేన్‌సాగరు పదునాఱవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టబడినది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూరు నాలాలు నేడు అందు కలియును. వీనిలో మొదటిది బేగంపేట మీదుగా దిగును. 2000 ఆగస్టు 24న ఒక్కదినమున ఇరువదినాలుగు సెంటీమీటర్ల వాన కురిసినపుడు ఆ నాలా ప్రక్కల కాపురములు మునిగినవి. 2020 అక్టోబరులో నగరము మరల నీటిపాలైనది. మైత్రీవనము చుట్టుపట్ల పెద్దవానకు నీరు నిలుచుట అచటివారికి క్రొత్త కాదు. 1990వ దశకమునుండి కంప్యూటరు విద్యకై జిల్లాల యువకులు వేలకొలదిగా వచ్చి అమీరుపేటలో హాస్టళ్లలో నుండుచున్నారు. 2017 నవంబరునుండి మెట్రోరైలు వారి తలలమీదుగా పోవుచున్నది. వారిలో తాము నడచు నేల పల్లమో మెరకయో చెప్పగలవారు లేరు. తప్పు వారిది కాదు. పేరు చెప్పవలెను. కుంట, బావి, బండ, గడ్డ, గుట్ట అను ఉత్తరపదములు ఆ పనికే పుట్టినవి. 2024లో హైడ్రా సంస్థ ఏర్పడిన పిదప చెఱువుల హద్దులకై ప్రాతపటముల ప్రస్తావన పత్రికలయందును, న్యాయస్థానములయందును హెచ్చినది. హద్దు రేఖను ఇంజనీర్లు చదువగలరు. ఆ రేఖ ప్రక్కన ఆంగ్లములో వ్రాసిన మాట కుంటయో కాదో తేల్చుటకు వారు ఎవరి నడుగవలెను?

బల్కాపూరు నాలాయే దీనికి తగిన యుదాహరణము. ఇది మొదట మూసీనీటిని హుసేన్‌సాగరునకు తెచ్చిన కాలువ. ఆంగ్లమున దీని మొదటి అక్షరము తరువాత కొందఱు 'ఏ' వ్రాసిరి, కొందఱు 'యు' వ్రాసిరి. రెండవ వ్రాతను యథాతథముగా చదివి నేటి తెలుగు పత్రికలు 'బుల్కాపూర్' అనుచున్నవి. పంజాగుట్టలో తప్పిపోయిన ఆపద ఇచట తప్పలేదు. పంజాగుట్ట పేరు రోజును లక్షలమంది నోట నలుగుచుండుటచేత అది ఆంగ్లలేఖనమును లెక్కచేయలేదు. కాలువ పేరు పలుకువారు తగ్గిరి. పలుకువారు తగ్గినచోట లిపి గెలిచినది.

కావున హైదరాబాదు ప్రాతపటములను ఇకమీద పునర్ముద్రించువారు గాడ్‌ఫ్రే షీటుల వెనుకభాగమును ఆదర్శముగా గొని, ప్రతి షీటువెనుక పేళ్ల పట్టికను చేర్పవలెనని మా సూచన. పట్టికను సమకూర్చు పని తెలుగుశాఖలు, ఉర్దూశాఖలు కలిసి చేయదగినది. ప్రతి పేరునకు పటమందలి ఆంగ్లలేఖనము, రెవెన్యూ కాగితమందలి ఉర్దూలేఖనము, స్థానికుల ఉచ్చారణము, విన్న తేదీ, నిర్ణీతరూపము, నేలయొక్క స్వభావము వరుసగా నుండవలెను. మచ్చునకు పంజాగుట్ట పద్దును ఇట్లు వ్రాయవచ్చును: ఆంగ్లమున మొదటి 'యు' అకారబోధకము, రెండవది ఉకారబోధకము, ఉర్దూలో టకారము స్పష్టము, వ్యవహారమున 'పంజగుట్ట', నిర్ణీతరూపము 'పంజాగుట్ట', నేల రాతిమెరక. బల్కాపూరు పద్దులో మాత్రము ఉచ్చారణపు గడిని నగరమున నింపరాదు. కాలువ మొదలైన మూసీతీరపు పల్లెలకు పోయి, కాలువనీరు పారించిన కుటుంబముల పెద్దలు ఎట్లు పలుకుదురో విని నింపవలెను.